పావు ఎక్కువా, అర ఎక్కువా?



బడి నుండి వచ్చిన బిడ్డను మనం రెండు ప్రశ్నలు అడుగుతాం. "అన్నం తిన్నావా?" "ఎన్ని మార్కులొచ్చాయి?" "ఈ వారం లెక్కల్లో ఏమి చెప్పారు, సైన్సులో ఏమి చెప్పారు?" అని అడిగే ఇళ్ళు తక్కువ. మనం పెద్దగా చదువుకోలేదు, మనకేమి తెలుస్తుంది అని వెనుకాడతాం. ఆ భయం అక్కరలేదు.

నాల్గవ, ఐదవ తరగతుల పిల్లలకు లెక్కల్లో భిన్నాలు వస్తాయి. 1/2, 1/4లలో ఏది పెద్దది అంటే చాలామంది పిల్లలు 1/4 అంటారు. ఎందుకని అడిగితే, "రెండు కంటె నాలుగు పెద్దది గదా!" అంటారు. ఇది మొద్దుతనం కాదు. ఇంతవరకు నేర్చుకున్న అంకెల పద్ధతినే ఇక్కడా వాడుతున్నారు. భిన్నంలో కింది అంకె, ఒక వస్తువును ఎన్ని సమాన భాగాలు చేశామో చెబుతుంది. భాగాలు ఎక్కువయ్యేకొద్దీ ఒక్కొక్క భాగం చిన్నదవుతుంది.

ఈ సంగతి చెప్పడానికి తల్లి చాలు. "పావుకిలో పంచదార ఎక్కువా, అరకిలో ఎక్కువా?" అని అడగండి. కొట్టుకు వెళ్ళివచ్చే బిడ్డ వెంటనే అరకిలో అంటుంది. పావు అంటే 1/4, అర అంటే 1/2, ముప్పావు అంటే 3/4 అని అప్పుడు చెప్పండి. తరువాత ఒకే సైజు రొట్టెలు రెండు ఇచ్చి, ఒకదాన్ని ముగ్గురికి, మరొకదాన్ని నలుగురికి సమానంగా పంచమనండి. 1/3 పెద్దదో, 1/4 పెద్దదో తానే చెబుతుంది.

సైన్సులో గింజ మొలకెత్తే పాఠం ఉంటుంది. ఒక పుల్లకు మూడు శనగ గింజలను పైన, మధ్యన, కింద దారంతో కట్టి గ్లాసులో నిలబెట్టండి. మధ్య గింజ సగం మునిగేటట్లు నీరు పోయండి. నీరు తగ్గితే మళ్ళీ అంతవరకే పోయండి. కొన్ని రోజులకు మధ్య గింజ చక్కగా మొలకెత్తుతుంది. పైదానికి గాలి ఉన్నా నీరు లేదు. కిందిదానికి నీరున్నా చాలినంత గాలి లేదు. మినుములు చల్లిన చేలో వాన నీరు నిలిస్తే విత్తనం ఎందుకు కుళ్ళిపోతుందో తండ్రికి తెలుసు. ఆ మాట గ్లాసు ముందు కూర్చుని చెబితే, బిడ్డ ఆ పాఠాన్ని మరువడు.

ఇది చిన్న విషయం కాదు. 2024లో గ్రామీణ భారతంలో జరిగిన అసర్ సర్వే ప్రకారం, ఐదవ తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 30.7 శాతమే. ఐదవ తరగతిలో అర్థం కానిది ఆరులో భారమవుతుంది. ఎనిమిదికి వచ్చేసరికి "వీడికి లెక్కలు రావు" అని మనమే అనేస్తాం. ఆ మాటను బిడ్డ నమ్ముతాడు. బడి మానేసేవారిలో కొందరి కథ ఇక్కడే మొదలవుతుంది.

కాబట్టి ఈ శనివారం సాయంత్రం పది నిమిషాలు బిడ్డ దగ్గర కూర్చోండి. "ఈ వారం నేర్చుకున్నది నాకు నేర్పు" అని అడగండి. చదవడం రాకపోయినా ఫరవాలేదు, వినండి. బిడ్డ ఎక్కడ తడబడుతున్నాడో అక్కడే తెలుస్తుంది. అది సోమవారం ఉదయం టీచరుగారితో చెప్పండి.