కువి పిల్లల చేతికి తెలుగు వాచకం

అరకు లోయలో ఇంట్లో కువి మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో చేరుతుంది. ఓపిగ్గా నేర్పితే గుణింతాలు, ఒత్తులు అన్నీ వస్తాయి, వాచకం కూడబలుక్కుని చదివేస్తుంది. చదివినదేమిటో చెప్పమంటే మాత్రం నోరు మెదపదు. ఆ మాటలు ఇంట్లో ఎన్నడూ వినలేదు మరి.

అక్షరాలను మాటగా పలికే నేర్పును, ఆ మాట అర్థం చేసుకునే శక్తితో గుణిస్తే వచ్చేదే చదవడమని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో సూత్రీకరించారు. గుణకారం కాబట్టి ఒకవైపు సున్నా అయితే ఫలితమూ సున్నాయే. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, చదవడం రాని పిల్లలను మూడో తరగతి దాటనివ్వరాదని కొన్ని మినహాయింపులతో 2013లో చట్టం చేసింది. అలాంటి చట్టం తెచ్చి మన కొండల్లో పెడితే, నేర్పని భాషకు పిల్లలను శిక్షించినట్టవుతుంది.

మాతృభాషలో చెప్పమనే చట్టాలు మనకు లేకపోలేదు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం అదే అంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టమూ అంటుంది, కాకపోతే ‘ఆచరణ సాధ్యమైనంత వరకు’ అని. కొండ బడుల విషయంలో ఆ వెసులుబాటే నియమమైపోయింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 2004లో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో 240 బడులకు వాచకాలు ఇచ్చింది. లిపి తెలుగుదే. ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటది: తన మాటల్లో నేర్చిన ‘క’ రేపు తెలుగు పాఠంలోనూ అదే ‘క’, పిల్ల మళ్లీ మొదటికి రానక్కర్లేదు.

ఆ వాచకం చెప్పే టీచరు ఎవరు? షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో జీవో 3 వచ్చింది. బయటి టీచర్లు బడికి సరిగా రాకపోవడం దానికి ముఖ్య కారణం. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ దెబ్బ కొండల్లో ఇంకా మానలేదు. అయితే జీవో ఉన్నప్పుడూ భాష షరతు లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే గిరిజన టీచరుకు కువి రాకపోవచ్చు.

అందుకే రాష్ట్రం కొత్తగా చట్టం చేస్తే అందులో మొదట ఉండాల్సింది ఇదీ: ఒకటి, రెండు తరగతుల టీచరుకు ఆ ఊరి పిల్లల భాష వచ్చి ఉండాలి, ఎంపికలోనే మాట్లాడించి చూడాలి. ఆ భాష వచ్చినవాళ్లు చాలకపోతే ఊళ్లో చదువుకున్న యువతకు ప్రభుత్వమే టీచరు శిక్షణ ఇప్పించి, పక్కా ఉద్యోగం ఇవ్వాలి.