సముద్రం అడుగున కావలి



2024 డిసెంబర్ 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. మన కరీంనగర్ వైపు కూడా భూమి అదిరింది. అప్పటి నుండి హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా మీరు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, మన గంగ ఒడ్డుకు పెద్ద భూకంపం వస్తదా?" ఈ హాస్టల్ అన్నం తిని, ఇంట్లో మొదటి డిగ్రీ సంపాదించి, ఇప్పుడు జియోఫిజిక్స్ పీజీ చదువుతున్న మేము దీనికి జవాబు చెప్పడం మా బాధ్యతగా భావిస్తున్నాము.

భూమి పైపొర ఒకే ముక్క కాదు, కొన్ని పెద్ద పలకలు. మన దేశాన్ని మోస్తున్న పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. ధర్మపురి ఆ పలక అంచున లేదు, నడుమ ఉంది. అయితే గంగ వెంట కిందికి పోతే రామగుండం దగ్గర సింగరేణి బొగ్గు గనులు వస్తాయి. కోట్ల ఏళ్ల కిందట అక్కడ భూమి పగిలి, నడిమి భాగం కుంగింది. ఆ లోయలోనే బొగ్గు పొరలు ఏర్పడ్డాయి. అలాంటి పాత పగుళ్లలో ఒత్తిడి పేరుకొని అప్పుడప్పుడు కదలిక వస్తుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం కూడా ఈ గోదావరి లోయదే. వీటిని తేలికగా తీసుకోరాదు. కానీ 9 తీవ్రత గల భూకంపాలు పుట్టే చోటు వేరు. అది పలకల అంచు, అదీ సముద్రం అడుగున.

రెండు చాపలను ఎదురెదురుగా పరిచి, ఒకదాన్ని రెండోదాని కిందికి నెట్టి చూడండి. పై చాప అంచు తట్టుకొని వంగుతుంది. ఇంకా నెడితే టక్కున విడిపోయి లేస్తుంది. సుమత్రా, అండమాన్ దగ్గర మన పలక ఇలాగే పక్క పలక కిందికి దిగుతోంది. దీన్నే సబ్‌డక్షన్ అంటారు. 2004 డిసెంబర్ 26న ఉదయం 6 గంటల 29 నిమిషాలకు అక్కడ దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున ఆ పట్టు విడిపోయింది. తీవ్రత 9.1. సముద్రపు అడుగు లేచింది, దానితో పైనున్న నీరు లేచింది. అదే సునామీ. పలు దేశాల్లో రెండు లక్షల మందికి పైగా, మన దేశంలో పది వేల మందికి పైగా చనిపోయారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. భూకంప తరంగాలు నిమిషాల్లో మన యంత్రాలకు అందాయి. అల మన తూర్పు తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ సమయం ఉండి కూడా తీరంలోని జాలరులకు కబురు అందలేదు.

అందుకే 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. దాని కోసం సముద్రం అడుగున పీడనాన్ని కొలిచే యంత్రాలు పెట్టారు. పైన నీటి మట్టం కొన్ని సెంటీమీటర్లు పెరిగినా అవి పసిగడతాయి. ఆ సమాచారం ధ్వని రూపంలో నీటిపై తేలే బోయాకు, అక్కడి నుండి ఉపగ్రహం ద్వారా హైదరాబాద్‌కు చేరుతుంది.

నేల మీది యంత్రాలు చాలవా అంటే, చాలవు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. కానీ అక్కడ రాతి ముక్కలు పైకి లేవలేదు, పక్కకు జరిగాయి. కనుక పెద్ద సునామీ రాలేదు. 2011 మార్చి 11న జపాన్‌లో దీనికి భిన్నంగా జరిగింది. మొదటి లెక్కలో తీవ్రత 7.9 అని తేలింది, నిజానికి అది 9. అల ఎత్తును కూడా తక్కువగా అంచనా వేశారు. ఆ తరువాత జపాన్ తన తూర్పు తీరం పొడవునా సముద్రం అడుగున కేబుల్ వేసి 150 పరిశీలన కేంద్రాలను కలిపింది. భూమి కదిలిందని నేల చెబుతుంది, నీరు లేచిందని సముద్రపు అడుగే చెప్పగలదు.

ఫలానా తేదీన భూకంపం వస్తుందని ముందుగా చెప్పగల శాస్త్రం ఇంకా లేదు. ఫోన్లలో వచ్చే అలాంటి పుకార్లు నమ్మకండి. భూమి అదిరితే మెట్ల మీద తోసుకోకుండా గట్టి బల్ల కింద తల దాచుకొని, ఆగిన తరువాత మైదానంలోకి రండి.

చివరగా ఒక మాట. ఆ హెచ్చరిక కేంద్రం ఉన్నది హైదరాబాద్‌లో, సముద్రం లేని ఊళ్లో. మనలో చాలామందిమి సముద్రం చూడలేదు. అయినా లెక్కలు, ఫిజిక్స్ గట్టిగా చదివితే ఆ కావలిలో మనకూ చోటుంది. ఉస్మానియాలో జియోఫిజిక్స్ పీజీ ఉంది. ఎంట్రన్స్‌కు ఎలా చదవాలో అడగండి, మేము చెబుతాము.