టాబ్ వచ్చింది సరే, పాఠం వచ్చిందా?



2022 డిసెంబరు 21న తెనాలికి దగ్గరలో ఉన్న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకి టాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. 4,59,564 మంది విద్యార్థులకి, 59,176 మంది ఉపాధ్యాయులకి కలిపి మొత్తం 5,18,740 టాబ్‌లు. మరుసటి ఏడాది అదే తేదీన రెండో విడత మన్యంలోని చింతపల్లిలో మొదలైంది.

ఎన్ని ఇచ్చారో లెక్క ఉంది. మరి వాటితో ఏ తరగతిలో ఎవరికి ఏం వచ్చింది? ఈ లెక్క ఆఫీసుల్లో తేలదు, క్లాసులోనే తేలాలి. తేల్చగలిగింది పాఠం చెప్పే మాస్టారే. టీచరు తన క్లాసులో ఉన్న చిక్కుని తానే పరిశీలించి, ఒక మార్పు చేసి, ఫలితం చూసుకోవడాన్ని చర్యా పరిశోధన అంటారు.

ఈ మాట ఎక్కడిది?

కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1946లో అమెరికాలో దీని గురించి ఒక వ్యాసం రాశారు. 1953లో స్టీఫెన్ కోరీ దీన్ని బడులకి అన్వయించి పుస్తకం తెచ్చారు. మన దేశంలో 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాల్లో డైట్‌లు పెట్టారు. పాత గుంటూరు జిల్లా డైట్ బోయపాలెంలో ఉంది. టీచరు శిక్షణలో ఇదీ ఒక పాఠమే.

పొలంలో చేసినట్టే

బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. మనం సాంబ మసూరి అనే బి.పి.టి. 5204 వరి బాపట్లలో పుట్టిందే, 1986లో విడుదలైంది. కొత్త వంగడం చూడ్డానికి బాగుంది కదా అని రైతుకి ఇచ్చేయరు. పాత రకం పక్కనే మడి కట్టి, పండించి, కోసి, తూచి చూస్తారు.

క్లాసులోనూ అంతే. ఒక్కటే తేడా. చేలో ఒక మడికి ఎరువు వెయ్యకుండా వదిలి చూడొచ్చు, పిల్లల్ని అలా వదలకూడదు. అందుకని అదే తరగతిని మార్పుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూస్తారు.

ఎలా చేస్తారు?

ఉదాహరణకి ఒక తరగతిలో 40 మంది, 10 కంప్యూటర్లు అనుకుందాం. ఒక్కోదానికి నలుగురు.

1. గమనించడం: పీరియడంతా మౌస్ ఎవరి చేతిలో ఉందో రాసుకోవాలి. ఒక్కడే పట్టుకుని మిగతా ముగ్గురు చూస్తూ కూర్చుంటే చిక్కు దొరికినట్టే.
2. కారణం ఊహించడం: చెయ్యి పెట్టనివాళ్ళకి పని రావడం లేదేమో.
3. ముందు పరీక్ష: ప్రతి ఒక్కరినీ విడిగా ఒక చిన్న పని చెయ్యమనాలి.
4. మార్పు: 40 నిమిషాల పీరియడ్‌లో తలా 10 నిమిషాలు. గంట కొట్టగానే చెయ్యి మారాలి.
5. మళ్ళీ పరీక్ష: మూడు వారాల తర్వాత అలాంటి పనే ఇచ్చి పోల్చాలి.

బాగుపడితే సంతోషం. లేకపోతే అదీ ఉన్నదున్నట్టు రాయాలి, వేరే ఉపాయం వెతకాలి. ఒక్కసారికే నమ్మెయ్యకూడదు. పరీక్షలు దగ్గరపడి అందరూ కష్టపడి చదవడం వల్ల కూడా మార్కులు పెరగొచ్చు. ఇంకో పాఠంతో మళ్ళీ చూడాలి.

చివరి పొలం సంగతి

రేపల్లె వైపు రైతులకి ఇది చెప్పక్కర్లేదు. కాలువ మొదట్లో నీళ్ళు నిండుగా పారినా చివరి భూములకి చేరేసరికి సన్నబడతాయి. క్లాసు సగటు మార్కులు మాత్రమే చూస్తే చివరి బెంచీ కనపడదు. పది మందికి బాగా వచ్చి పది మందికి ఏమీ రాకపోయినా సగటు బాగానే ఉంటుంది. కాబట్టి ఎవరికి అందలేదో పేరుపేరునా చూడాలి.

మనకి ఇది మరీ ముఖ్యం. మనలో చాలామంది ఇళ్ళల్లో కంప్యూటర్ లేదు. బడిలో చెయ్యి పడకపోతే ఇంకెక్కడా పడదు. ఇంట్లో ఎరుకల భాషో లంబాడీయో మాట్లాడే పిల్లకి వీడియోలో గబగబా చెప్పే పుస్తకాల తెలుగు ఒక్కసారికే ఎక్కదు. మధ్యలో ఆపి, మన మాటల్లో మళ్ళీ చెప్తే ఎక్కుతుందా? ఇది కూడా పరిశోధించదగ్గ ప్రశ్నే. కానీ వెనకాల కూర్చుని తల ఊపితే మాస్టారికి ఎలా తెలుస్తుంది? అడగందే అమ్మయినా పెట్టదు.

వార్డెన్ గారికి ఒక మనవి. స్టడీ అవర్‌లో కంప్యూటర్ ఎవరు ఎంతసేపు వాడారో ఒక రిజిస్టర్ పెడితే ఉపాధ్యాయులకి అదే మంచి ఆధారం అవుతుంది.

మిత్రులారా, ఈ వారం ఒక చీటీ మీద రెండు ముక్కలు రాసి మీ క్లాసు టీచరుకి ఇవ్వండి. నేను నా చేత్తో ఏం చేశాను? ఎక్కడ అర్థం కాలేదు? పేరు రాయకపోయినా ఫర్వాలేదు.

— 9వ తరగతి విద్యార్థి