సముద్రం ఒడ్డున పెద్ద బడి

బోగోలు నుంచి ఉత్తరంగా, కావలి దాటి పోతే సముద్రం పక్కన రామాయపట్నం ఉంది. ఇప్పుడు ఆ పేరు చెప్తే అందరికీ ఓడరేవు గుర్తొస్తుంది. 1872లో అక్కడ అమెరికా బాప్టిస్టు మిషన్ వాళ్లు ఒక పెద్ద బడి పెట్టారు. పల్లెల్లో చర్చీలు నడిపే బోధకులను తయారు చేసే బడి. దాన్ని సెమినరీ అంటారు.

అక్కడ ఎవరు చదివారు? ఎక్కువమంది ఒంగోలు, నెల్లూరు పల్లెల మాదిగలు. తోలు పని, కూలి పని చేసుకునే వాళ్లు. ఊరి బడి గడప తొక్కనివ్వని వాళ్లు. కొందరికి చదవడం అంతంత మాత్రమే వచ్చు. అయినా వచ్చారు.

1876లో పెద్ద కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే పని ఒప్పుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది. తిండి కోసం మతంలో చేరతారేమోనని, కరువు తీరేదాకా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మతం ఎవరి ఇష్టం వాళ్లది. కానీ ఇంతమందికి బోధకులు, పంతుళ్లు కావద్దా? రామాయపట్నం బడికి పని పెరిగింది.

బడి చదువు చెప్తుంది. డిగ్రీ ఇవ్వాలంటే విశ్వవిద్యాలయానికి ఉండే హక్కు కావాలి. క్రైస్తవ బోధకుల చదువుకు ఆ హక్కు బెంగాల్‌లోని సెరాంపూర్ కాలేజీకి ఉంది. ఆంధ్ర క్రైస్తవ థియోలాజికల్ కాలేజీ 1964లో రాజమండ్రిలో మొదలై, 1973లో హైదరాబాదుకు మారింది. అక్కడి వాళ్లకూ సెరాంపూర్ డిగ్రీయే.

సెరాంపూర్ కాలేజీ పెట్టిన ముగ్గురిలో విలియం కేరీ ఒకడు. ఇంగ్లండులో ఆయన మొదట చెప్పులు కుట్టేవాడు! 1818లో 37 మందితో కాలేజీ మొదలైంది. ఆ ఊరు అప్పుడు డెన్మార్కు రాజు చేతిలో ఉండేది. 1827లో ఆ రాజే డిగ్రీలిచ్చే హక్కు రాసిచ్చాడు. కులం, రంగు, దేశం చూసి ఏ మగవాణ్ణీ కాదనకూడదని 1833లో కాలేజీ నియమం పెట్టుకుంది.

మగవాణ్ణి అన్నారు. ఆడవాళ్ల మాట అందులో లేదు.

రామాయపట్నంలో పెళ్లయిన విద్యార్థులు భార్యలతో వచ్చేవాళ్లు. ఆ భార్యలకు కూడా అక్కడ చదువు చెప్పారు. భర్త బోధకుడై పల్లెకు పోతే, చాలాచోట్ల ఆడపిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది ఆమే.