ఆసియా ఆర్థిక సంక్షోభము – మన దేశము నిలిచిన విధము

1997 జూలై 2వ తేదీన థాయ్‌లాండు తన నాణెమగు బాత్ విలువను డాలరుతో ముడివేసి ఉంచలేక విడిచిపెట్టినది. అంతవరకు డాలరు సుమారు 25 బాత్‌లు. 1998 జనవరి నాటికి 50 దాటినది. ఆ సంక్షోభము ఇండొనేషియా, మలేషియా, దక్షిణ కొరియాలకును ప్రాకినది.

కారణమేమి? థాయ్‌లాండులోని బ్యాంకులు, కంపెనీలు విదేశములలో డాలర్ల రూపమున స్వల్పకాలిక ఋణములు తెచ్చి, స్వదేశ నాణెములోనే రాబడినిచ్చు స్థలములపై, భవనములపై వెచ్చించినవి. నాణెము విలువ సగమైనంతనే అప్పు రెట్టింపయినది. భయపడిన ఋణదాతలు ఒక్కుమ్మడిగా సొమ్ము కోరిరి.

భారతదేశము ఈ తాకిడికి తట్టుకొన్నది. విదేశీ పెట్టుబడుల రాకపోకలపై గల కట్టడులే ఇందుకు కారణమని పలువురందురు. అది సగము సత్యము మాత్రమే. 1991లో కట్టడులు ఇంకను బిగువుగా ఉన్నను మనము సుమారు 47 టన్నుల బంగారమును లండనుకు పంపి అప్పు తేవలసి వచ్చినది. ఆనాడు మన స్వల్పకాలిక విదేశీ ఋణము విదేశ మారక నిల్వలను మించియుండెను. 1997 మార్చి నాటికి అది నిల్వలలో నాల్గవ వంతు మాత్రమే. కష్టకాలమున మనలను నిలిపినది ఈ మార్పే.

అయినను ఈ రక్షణ ఉచితముగా లభింపలేదు. రూపాయి కొంత దిగజారినది. దానిని నిలుపుటకై 1998 జనవరిలో రిజర్వు బ్యాంకు తన బ్యాంకు రేటును 9 నుండి 11 శాతమునకు పెంచినది. వడ్డీ పెరిగినచో ఆ భారము అప్పు తెచ్చుకొను ప్రతి చిన్న పరిశ్రమపైనను పడును.

తలుపులు మూసికొనుట కాదు, రేపు తీర్చవలసిన అప్పునకు తగిన నిల్వను నేడే కూర్చుకొనుట దేశమునకు రక్ష. అర్థశాస్త్ర విద్యార్థులు గ్రహింపవలసిన పాఠమిదియే.