మలుపులో కారు ఎందుకు టకటకమంటుంది?

మారుతి 800 లాంటి కార్లలో ఇంజన్ శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది. ఆ చక్రాలే కారును లాగాలి, పక్కకు మళ్లాలి, గుంతల్లో ఎగిరి పడాలి. ఒక్క ఇనుప కడ్డీతో ఇన్ని పనులు కావు. అందుకే గేర్‌బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే యాక్సిల్‌కు రెండు చివర్లా వంగే జాయింట్లుంటాయి. బయటి జాయింట్‌లో సాధారణంగా 6 ఉక్కు గుండ్లు గాడుల్లో జారుతుంటాయి. మన భుజం కీలులా ఎటు వంగినా సరే, చక్రం తిరిగే వేగంలో కుదుపు రానివ్వవు. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారు వాడింది ఇలాంటి జాయింటే.

చిత్రమేమిటంటే, ముందు పాడయ్యేది ఉక్కు కాదు, దాని మీది రబ్బరు తొడుగు! అది చిరిగితే గ్రీజు బయటికి పోతుంది, దుమ్మూ నీళ్లూ లోపలికొస్తాయి. గాడులు అరిగి, మలుపు తిప్పగానే టకటక మొదలు.

అలా పాడైన యాక్సిల్ మార్చేటప్పుడు మెకానిక్ కారు నేలమీద ఉండగానే చక్రం మధ్యలో యాక్సిల్‌ను పట్టి ఉంచే హబ్ నట్టు వదులు చేస్తాడు. గాల్లోకి లేపితే నట్టుతోపాటు చక్రమూ తిరిగిపోతుంది మరి! తర్వాత జాకీతో ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రం విప్పి, పాత యాక్సిల్ లాగేస్తాడు. గేర్ ఆయిల్ కారుతుంది కాబట్టి కింద పళ్లెం ఉండాల్సిందే. కొత్తదాన్ని లోపలి క్లిప్పు పట్టేదాకా నెట్టి, హబ్ నట్టును కంపెనీ చెప్పినంత బిగువుకు టార్క్ రెంచీతో బిగిస్తాడు. ఇక్కడ చేతి అంచనా పనికిరాదు, చక్రం బేరింగ్‌ను పట్టి ఉంచేది ఆ నట్టే.