వైఫై ఆన్ చేయగానే ఈఎస్‌పీ32లో ఏడీసీ రీడింగ్ ఎందుకు ఆగిపోతుంది?

ఫ్రెండ్స్, ఈఎస్‌పీ32తో బ్యాటరీ మానిటర్ చేస్తూ నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నా. బ్యాటరీ వోల్టేజ్‌ని జీపీఐఓ 25కి ఇచ్చాను. రీడింగ్ బాగానే వచ్చింది. వైఫై కనెక్ట్ చేయగానే అన్నీ ఎర్రర్లే! వైరు మార్చాను, సోల్డరింగ్ మళ్లీ చేశాను, చివరికి బోర్డే పోయిందనుకున్నా. అసలు తప్పు నేను ఎంచుకున్న పిన్‌ది.

ఈ చిప్‌లో ఏడీసీలు రెండు ఉంటాయి. ఏడీసీ2ని వైఫై డ్రైవర్ కూడా వాడుకుంటుంది, కాబట్టి వైఫై నడుస్తున్నంతసేపు అది మనకు దొరకదు. 0, 2, 4, 12 నుంచి 15, 25 నుంచి 27 పిన్‌లు దీనివే. వైఫై ప్రాజెక్ట్ అయితే 32 నుంచి 39 వరకు ఉన్న ఏడీసీ1 పిన్‌లే వాడండి (చాలా బోర్డుల్లో 37, 38 బయటకి ఇవ్వరు). నేను 34కి మారాను. కోడ్‌లో మారింది ఒక్క నంబరే.

ఇంకోటి, 4.2 వోల్టుల బ్యాటరీని నేరుగా పిన్‌కి ఇవ్వకండి, పిన్ తట్టుకునేది 3.3 వోల్టులే. రెండు 100 కిలో ఓమ్ రెసిస్టర్లతో వోల్టేజ్‌ని సగం చేసి, అటెన్యుయేషన్ 11 డీబీ పెట్టండి. పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే రీడింగ్ అంతగా ఊగదు. ఆర్డ్యునోలో అయితే అనలాగ్‌రీడ్‌మిల్లీవోల్ట్స్ ఫంక్షన్ వాడండి, చిప్‌లోని కాలిబ్రేషన్‌ని అదే చూసుకుంటుంది. వచ్చిన విలువను రెండుతో గుణిస్తే బ్యాటరీ వోల్టేజ్ వచ్చేస్తుంది.